మావారికి సైకోసిస్ అన్నారు, ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండాలా?

మానొద్దండి. రెండు నెలల కింద డాక్టర్ గారు సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించడం, లేనిపోని భయాలు పట్టుకోవడం) అని చెప్పినప్పట్నుంచీ ఇంట్లో అందరూ ఉద్యోగం మానెయ్యమంటున్నారని రాశారు కదా, నాకూ అదే చెప్పారు. మాది విజయవాడ, మావారికి స్కిజోఫ్రెనియా, అదీ సైకోసిస్ వచ్చే జబ్బే, పెళ్లయిన కొన్నేళ్లకి బయటపడింది. నేను ఆడిటర్ గారి ఆఫీసులో చేస్తాను. మందులు, టెస్టులు, పిల్లాడి ఫీజు అన్నీ ఆ జీతం మీదే నడుస్తున్నాయి, అది పోతే మానెయ్యమన్నవాళ్లు వచ్చి కడతారా?

ఒక రోజు సంగతి చెప్తా. నెలలో 20వ తారీఖు, జీఎస్టీ 3బీ రిటర్నులకి ఆఖరి రోజు, పోర్టల్ ఓపెన్ అవ్వక అందరం తల పట్టుకుని ఉంటే ఈయన ఫోన్. పైవాటా వాళ్లు సెట్‌టాప్ బాక్సులోంచి మన మాటలు వింటున్నారంట, దాన్ని పీకేసి తడి తువ్వాల్లో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టేశా, నువ్వు ఫోన్లో ఎవరి పేరూ ఎత్తకు అని గుసగుసగా చెప్తున్నారు. ఇలాంటప్పుడు అదంతా మీ భ్రమ అంటే నేను కూడా వాళ్లలో కలిసిపోయానని ఫోన్ పెట్టేస్తారు, అవును వింటున్నారంటే ఆ భయం ఇంకా గట్టిపడుద్ది. అందుకే వినేది ఎవరన్న జోలికే పోలేదు, భయమేస్తోందా, రాత్రి కూడా నిద్ర పట్టలేదు కదా అన్నా. అన్నం తిన్నారా అంటే ఏదో వాసనొస్తోంది తినను అన్నారు. అరటిపళ్లు ఉన్నాయి, తొక్క మీ చేత్తో మీరే వలుచుకుని తినండి, నేను బయల్దేరుతున్నా అని చెప్పా. మా సార్‌కి విషయం ముందే తెలుసు కాబట్టి ఆటోలో లాప్‌టాప్ పట్టుకొచ్చి, ఆయన పక్కనే కింద కూర్చుని మిగతా రిటర్నులు వేశాను. తెల్లారి డాక్టర్ దగ్గరికెళ్తే అప్పుడు తెలిసింది, ఒళ్లొస్తోందని మాత్రలు మానేశారంట. నెలకోసారి వేసే ఇంజక్షన్‌కి మార్చారు, రోజూ మింగారా లేదా అనే గొడవ పోయింది. ఆ బాక్సుని నేను కదపలేదు, కొన్ని వారాలకి ఆయనే తీసి తుడిచి టీవీకి పెట్టారు.

మా చుట్టాల్లో గాలి సోకిందని దర్గాలకీ స్వాములకీ తిప్పమన్నవాళ్లు తక్కువేం లేరు. 2001లో తమిళనాడులో ఏర్వాడి దర్గా దగ్గర మానసిక రోగుల్ని ఉంచే పాకలో నిప్పంటుకుంటే, ఇలా వదిలేసి గొలుసులతో కట్టేసిన మనుషులు పారిపోలేక 28 మంది కాలిపోయారు, అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుద్ది. దేవుడికి దణ్ణం పెట్టుకోండి, మందు మాత్రం ఆపొద్దు.

ఇంకో బాధ, ఓపీలన్నీ ఆఫీసు టైములోనే. క్లోజపిన్ అనే మాత్ర రాశారనుకోండి, మొదటి 18 వారాలు వారం వారం తెల్లకణాల టెస్టు చేయించాలి, జీతగాళ్లకి అన్ని సెలవులు ఎక్కణ్ణుంచి వస్తాయి? అందుకే ఆఫీసులో మీ పై అధికారుల్లో నమ్మకమైన ఒక్కరికైనా ముందే చెప్పి పెట్టుకోండి, అబద్ధాలు చెప్పి సెలవు పెడితే ఎన్నాళ్లో సాగదు.

జబ్బు చాన్నాళ్లు ఉండేట్టు ఉంటే వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్‌కి అప్లై చేయండి, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బూ ఉంది. 40 శాతం, ఆపైన ఉంటే పాత పన్ను విధానంలో, వైకల్యం ఉన్న ఇంట్లోవాళ్ల పోషణకిచ్చే మినహాయింపు (1961 చట్టంలో 80డీడీ) కింద మీ ఆదాయంలో 75,000 తగ్గించి చూపొచ్చు, 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000. ఎంతమందికి ఫైల్ చేస్తుంటానో, ఈ సంగతి తెలిసినవాళ్లే కనపడరు. ఇన్సూరెన్స్ వాళ్లు మానసిక జబ్బుకి కవర్ లేదంటే 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 21 చూపించండి, ఒళ్లు జబ్బులతో సమానంగా ఇవ్వాలని రాసుంది.

ఆయన నిద్ర మీద కన్నేసి ఉంచండి, మావారికి ప్రతిసారీ ముందు పోయేది నిద్రే, మాటలు మారేది ఆ తర్వాత. వరసగా రెండు రాత్రులు పడుకోకపోతే అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి, అర్ధరాత్రి ఎవరూ దొరక్కపోతే మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి చేయండి, తెలుగులో మాట్లాడతారు.