అరిచిన తల్లి, కేకేసిన తల్లి

విశాఖపట్నం,
ఆదివారం ఉదయం

అమ్మాయీ,

నువ్వు పంపిన ఇంగ్లిష్ అనువాదం రెండుసార్లు చదివాను. ఫిషింగ్ హార్బర్ కథను ఎంచుకోవడమే సాహసం. చేపల వేలం దగ్గర ఆడవాళ్లు మాట్లాడే మాటను ఇంకో భాషలోకి మోసుకుపోవడం తేలిక కాదు. నువ్వు చాలావరకు మోశావు. కానీ నా ఎర్ర పెన్ను ఎక్కడెక్కడ ఆగిందో గమనించావు కదా? పెద్ద మాటల దగ్గర కాదు. ఆన్, టు, విత్, అబౌట్ వంటి పొట్టి మాటల దగ్గర. "ఏ క్రియకు ఏ ప్రిపోజిషన్ వాడాలో చెప్పే సూత్రం ఏదైనా ఉందా మాస్టారూ?" అని అడిగావు. ఉండి ఉంటే నా వయసులో ఉన్నవాళ్లు ఎవరో ఒకరు నాకూ చెప్పేవారు, నేను ఒక సంపాదకుడి ముందు తెల్లమొహం వేసేవాణ్ణి కాదు.

ఆ సంగతి ముందు చెబుతాను. నీ వయసులో ఒక తెలుగు కథను ఇంగ్లిష్ చేసి ఒక పత్రికకు పంపాను. భీమిలి ఒడ్డున నిలబడ్డ తల్లి, తీరానికి వస్తున్న పడవలోని కొడుకును కేకేస్తుంది. వాడు క్షేమంగా తిరిగొచ్చాడన్న సంతోషమంతా ఆ కేకలో ఉంది. నేను "షౌటెడ్ ఎట్" అని రాశాను. సంపాదకుడు తిరుగు టపాలో ఒకటే ప్రశ్న అడిగాడు: ఆ తల్లికి కొడుకు మీద అంత కోపం దేనికి? మూలం మళ్లీ చదివాను, నా అనువాదం మళ్లీ చదివాను. కోపం మూలంలో లేదు, నా "ఎట్"లో ఉంది. "షౌట్ టు" అంటే దూరాన ఉన్నవాడికి వినపడేలా పిలవడం. "షౌట్ ఎట్" అంటే మీద పడి అరవడం. "త్రో" కూడా ఇంతే. తమ్ముడు పట్టుకోవాలని బంతి విసిరితే "టు", వాడికి తగలాలని రాయి విసిరితే "ఎట్". ఇక్కడ తెలుగుకూ రెండు దారులున్నాయి: తమ్ముడికి, తమ్ముడి మీదికి. అంటే ఆ రోజు నేను సరిగ్గా తెలుగులో ఆలోచించి ఉంటే ఆ పొరపాటు తప్పిపోయేది.

అందుకే, తెలుగులో ఆలోచించడం వల్లే ఈ తప్పులన్నీ వస్తాయనే మాట నేను పూర్తిగా నమ్మను. సగం నిజం అది. ఆమెతో పెళ్లయింది కాబట్టి "మ్యారీడ్ విత్" అంటాం, ఇంగ్లిష్ "టు" అంటుంది. అతని మీద కోపం కాబట్టి "యాంగ్రీ ఆన్" అంటాం, ఇంగ్లిష్‌కు అక్కడ "విత్" కావాలి. ఇంతవరకు నేరం మన విభక్తులదే.

కానీ నీ మూడో పేజీ చూడు. పడవల యజమానులు డీజిల్ ధర గురించి చర్చిస్తున్నారు. నువ్వు "డిస్కస్ అబౌట్" అన్నావు. బడిలో వల్లె వేశావు కదా: నిన్, నున్, లన్, కూర్చి, గురించి. ద్వితీయా విభక్తి! చిన్నయసూరి బాలవ్యాకరణంలో "గురించి"ని కూర్చోబెట్టింది కర్మకు వచ్చే ఈ విభక్తి వరుసలోనే. ఇంగ్లిష్ "డిస్కస్" కూడా చర్చించే విషయాన్ని నేరుగా కర్మగా తీసుకుంటుంది, మధ్యవర్తి అక్కర్లేదు. మరి ఆ "అబౌట్" ఎక్కడ నుంచి వచ్చింది? నా అనుమానం నామవాచకం మీద. "డిస్కషన్" అన్నప్పుడు "అబౌట్" కావాలి. "రిక్వెస్ట్" నామవాచకమైతే "ఫర్" కావాలి, "ఎంఫసిస్"కు "ఆన్" కావాలి. అవే క్రియలైనప్పుడు చేతికర్ర పక్కన పడేసి నడిచిపోతాయి. మనం జాలిపడి ఆ కర్రను మళ్లీ చేతికి అందిస్తాం.

మన "కి" ఇంకో మాయలాడి. బస్ స్టేషన్‌కి చేరాను, విశాఖకి చేరాను, ఇంటికి చేరాను, అన్నిటికీ అదే సరిపోతుంది. అందుకే "రీచ్" పక్కన "టు" పెట్టావు, దానికి ఏమీ అక్కర్లేదు. "అరైవ్" అంటే మాత్రం ద్వారకా బస్ స్టేషన్ దగ్గర "ఎట్", విశాఖపట్నం అనే ఊరికి "ఇన్". స్టేషన్ ఒక చుక్క, ఊరు మనల్ని లోపలికి తీసుకునే చోటు అని సర్దిచెప్పుకోవచ్చు. అన్నిసార్లూ ఇలా సర్దిచెప్పుకోవడం కుదరదు. "డిపెండ్"కు లాటిన్ మూలంలో వేలాడడం అని అర్థం. వేలాడేది పైనుంచి కిందికి కదా, మరి దాని వెంట "ఆన్" ఎందుకు? తర్కంతో పోతే దొరకదు. క్రియ తన తోడును ఎప్పుడో వెతుక్కుంది, మనం పెళ్లయ్యాక వెళ్లిన చుట్టాలం.

కాబట్టి క్రియను ఒంటరిగా నోటుబుక్కులో రాసుకోకు. "అగ్రీ" అని రాసి పక్కన "ఒప్పుకొను" అని రాస్తే ఏమీ రాయనట్టే. మనిషి మాటతో ఏకీభవిస్తే "విత్", షరతుకు ఒప్పుకుంటే "టు", వేలంలో ఒక ధర దగ్గర ఇద్దరూ కుదిరితే "ఆన్" అని హార్బర్‌లో జరిగినట్టే మూడు వాక్యాలు రాసుకో. నీ బల్ల మీద ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు ఒక్కటే కనబడింది. అది అర్థం చెబుతుంది, తోడు ఎవరో అన్నిసార్లూ చెప్పదు. జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీకి ఈ ఇబ్బంది అర్థమైంది. క్రియ తర్వాత ఏం రావాలో చూపించే నిఘంటువును మరో ఇద్దరితో కలిసి తయారు చేస్తే 1942లో అక్కడే అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించింది. దాని సంతతిలో ఏదో ఒకటి కొనుక్కో, పాతదైనా ఫర్వాలేదు. అమెరికా పత్రికకు పంపేటప్పుడు ఒకసారి సరిచూసుకో. తీర్పు మీద అప్పీలు చేయడానికి లండన్ వాళ్లకు "అగెన్‌స్ట్" కావాలి, అమెరికా వాళ్లు అది లేకుండానే కోర్టుకు వెళతారు.

ఒక చోట మాత్రం నా ఎర్ర గీత నేనే కొట్టేశాను. ఆరో పేజీలో గుమాస్తా ఇంగ్లిష్‌లో మాట్లాడుతూ "డిస్కస్ అబౌట్" అంటాడు. ఉంచు. ఆయన అలాగే మాట్లాడతాడు, దిద్దితే మనిషే మారిపోతాడు. కథ చెప్పే గొంతు వేరు, గుమాస్తా గొంతు వేరు.

తిరుగు ప్రయాణంలోనూ జాగ్రత్త. పోయిన నెల నువ్వు తెలుగులో రాసిన వ్యాసంలో "వాళ్లు నాపై నవ్వారు" అని ఉంది. మనవాళ్లు నన్ను చూసి నవ్వుతారమ్మా. ఇంగ్లిష్ "ఎట్" నీ వెనకే తెలుగులోకి వచ్చేసింది.

ఇక నన్ను రెండు రోజులు కూర్చోబెట్టిన వాక్యం పదకొండో పేజీలోది. ఆమె పడవ కోసం చూస్తోంది. నువ్వు "లుకింగ్ ఫర్" అన్నావు. మాటకు మాట సరిపోయింది, మనిషి మారిపోయింది. "లుక్ ఫర్" అంటే వెతకడం. ఆమె వెతకడం లేదు, ఎదురు చూస్తోంది. ఇంగ్లిష్‌లో "లుక్" పక్కన "ఎట్" ఉంటే చూడడం, "ఫర్" ఉంటే వెతకడం, "ఆఫ్టర్" ఉంటే చూసుకోవడం. మనం ఆ పని ఎక్కువగా క్రియతోనే చేయిస్తాం: చూడు, చూసుకో, ఎదురుచూడు. ఎప్పుడో ఒకసారి "కోసం" తగిలించి చూడడాన్నే నిరీక్షణగా మారుస్తాం, నువ్వు జారిపడింది అక్కడే.

"వెయిటింగ్ ఫర్" అంటే తప్పు లేదు, కానీ కళ్లు పోతాయి. బస్టాపులో నిలబడ్డవాళ్లూ అదే చేస్తారు. "వాచింగ్ ఫర్" అంటే నిరీక్షణా ఉంటుంది, సముద్రం మీద నిలిచిన చూపూ ఉంటుంది. నేను అటే మొగ్గుతున్నాను. అయితే అందులో కాస్త కాపలా వాసన తగులుతోంది. వచ్చే ఆదివారం వాల్తేరు వైపు వస్తే రెండూ పైకి చదివి చూద్దాం. మూలం కాపీ తీసుకురా, నా దగ్గరున్న దానిలో ఆ పేజీకి చెదలు పట్టింది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు