సుధకి, లైన్లో నిలబడే ముందు

చి. సుధకు, మావయ్య దీవెనలు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పని నువ్వే చూసుకుంటానన్నావట, ఏజెంటు వద్దన్నావట, వచ్చే వారం సెలవు కూడా పెట్టేశావట. బావ పోయాక ఆ ఇంట్లో ఒక పని కదిలిందని వినడం ఇదే మొదటిసారి. చాలా సంతోషం వేసింది. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ పట్టుకుంది, నిద్ర పట్టలేదు. విశాఖలోనే ఉంటే నీ వెనకాలే వచ్చేవాణ్ణి. ఇక్కడ హైదరాబాదులో మోకాళ్ళకి పట్టీలు కట్టుకుని కూర్చున్నాను, ఏం చెయ్యను? ఫోన్లో చెబితే ‘సరే మావయ్యా, సరే మావయ్యా’ అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

తెలిసినవి ముందు చెప్పేస్తాను. సోమవారం వెళ్ళకు, అది అర్జీలు తీసుకునే రోజు, నీకు కావాల్సిన ఆఫీసరు సీట్లో దొరకడు. మీసేవలో పెట్టినా, వార్డు సచివాలయంలో పెట్టినా సర్టిఫికెట్ ఇవ్వాల్సింది తహసీల్దారే. బావ డెత్ సర్టిఫికెట్, మీ అందరి ఆధార్లు, రేషన్ కార్డు, అన్నీ మూడేసి జిరాక్సులు. ఒరిజినల్స్ చూపించు, ఇచ్చెయ్యకు. ఎంక్వైరీకి వస్తే ఇరుగుపొరుగు సంతకాలు అడగొచ్చు, పక్కింటివాళ్ళ చెవిన ముందే వేసి ఉంచు. పెన్ను ఎవరడిగినా ఇవ్వు, మూత మాత్రం నీ దగ్గరే పెట్టుకో.

ఇక లైను. పేరుకే లైను, అక్కడ ఉండేది గుంపు. తెల్లారేసరికి చెప్పులు, సంచులు, ఇటుక ముక్కలు వరసగా నిలబడి ఉంటాయి. తలుపు తెరిచాక వాటికి విలువ ఉండదు. నీ ముందున్న మనిషితో, వెనకున్న మనిషితో మాట కలుపు. నీళ్ళ కోసం బయటికెళ్ళొచ్చినా ‘ఆ అమ్మాయి ఇక్కడే ఉందండీ’ అని చెప్పేవాళ్ళు కావాలి. ఎవరో ముసలావిడ ‘ఏటమ్మా, లైను ఇదేనా?’ అంటూ వచ్చి నీ ముందే నిలబడిపోతుంది. నిలబడనీ. నీ నోరు నాకు తెలుసు, అక్కడ వాడకు. సర్వర్ పని చెయ్యట్లేదంటే ఇంటికొచ్చెయ్యకు, మళ్ళీ ఎప్పుడు వస్తుందో అడిగి అక్కడే కూర్చో. మన ఊళ్ళో ఎండకంటే ఉక్కపోత ప్రమాదం, ఖాళీ కడుపుతో వెళ్ళావో ఊరుకోను. టిఫిన్ మానేసి కళ్ళు తిరిగి పడిపోవడం నీకు కొత్త కాదు. రెండు ఇడ్లీలు తిని, మజ్జిగ సీసా పట్టుకెళ్ళు.

ఇదంతా చెప్పకపోయినా నువ్వు చేసుకోగలవు. నా భయం వేరే.

1987లో మా నాన్న పోయాడు. అంటే మీ తాతయ్య. నాకు అప్పుడు ఇరవై నాలుగు. అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ రావాలంటే మరణ ధ్రువపత్రం కావాలన్నారు. మే నెల. ఒక ఆఫీసు వరండాలో మూడు రోజులు నిలబడ్డాను. మొదటి రోజు గుమస్తా రాలేదు. రెండో రోజు నా ముందు నలుగురుండగా కిటికీ మూసేశారు. మూడో రోజు మధ్యాహ్నం భోజనాల వేళకి నా చేతిలో కాగితం పడింది. చెమటతో చెయ్యి తడిగా ఉంది, వెనకనుంచి తోస్తున్నారు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని బయటపడ్డాను. పూర్ణా మార్కెట్ దాకా నడిచి, ఏదో గెలిచినవాడిలా గోళీ సోడా తాగాను. ఇంటికొచ్చి అమ్మకిచ్చాను. ఆవిడకి చదువు రాదు, దేవుడి పటం ముందు పెట్టింది.

పది రోజుల తర్వాత పెన్షన్ చూసే ఆయన ఆ కాగితం తిప్పి తిప్పి చూసి, ‘ఈ సత్యనారాయణ ఎవరు?’ అన్నాడు.

మా నాన్న పేరు సూర్యనారాయణ.

చట్టంలో దానికీ దారి ఉంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం, 15వ సెక్షను. కానీ దాని ప్రకారం రిజిస్టరులో ఒకసారి రాసినదాన్ని చెరపరు, దిద్దరు. పక్కన మార్జిన్లో సరైనది రాసి, సంతకం పెట్టి తేదీ వేస్తారు. ఆ ఒక్క ముక్క రాయించడానికి మళ్ళీ లైన్లు, మళ్ళీ రుజువులు, మొత్తం పదకొండు నెలలు. ఆ పుస్తకం ఇంకా ఏ బీరువాలోనైనా ఉంటే, మా నాన్న ఇప్పటికీ మార్జిన్లోనే ఉంటాడు.

అమ్మ తిట్టలేదు. ‘మీ నాన్న పేరైనా చదవలేదేట్రా?’ అంది, అంతే. ఆ ఏడు పెన్షన్ లేక మీ అమ్మకి ఇంటర్ రెండో ఏడు ఫీజు కట్టలేకపోయాం. ఏడాది ఇంట్లోనే ఉండిపోయింది. ఆవిడ నీకు చెప్పి ఉండదు, నాతోనూ ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు నేను చెప్పానని కూడా అనకు.

మూడు రోజులు ఓపిక పట్టినవాణ్ణి, రెండు నిమిషాలు పట్టలేకపోయాను. అందుకే చెబుతున్నాను, కాగితం చేతికి రాగానే కిటికీ వదలకు. వెనకవాళ్ళు తోస్తారు, ‘జరగమ్మా’ అంటారు, లోపలాయన విసుక్కుంటాడు. విసుక్కోనీ. అక్కడే నిలబడి బావ పేరు, ఇంటిపేరు, చనిపోయిన తేదీ, మీ అమ్మ పేరు, నీ పేరు, తమ్ముడి పేరు ఒక్కొక్కటీ వేలు పెట్టి చదువు. మీ అమ్మకి ఆధార్‌లో మీ ఇంటిపేరుందో, ఇంకా మా ఇంటిపేరే ఉందో ఇవాళే చూడు. తేడా ఉంటే అప్లికేషను పెట్టకముందే ఆఫీసులో అడుగు.

చదవడం అయ్యాక ఫోటో తీసి నాకు పంపు. పనైపోయిందన్న సంబరంలో ముందు ఫోటో తీసేసి తర్వాత చదువుదామనుకుంటావేమో, అలా వద్దు. నేనూ కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చదువుతాను.

మీ మావయ్య