తాత పేరు మీదున్న డబుల్ బ్యారెల్ తుపాకీని పక్కూరాయనకు అమ్మేయొచ్చా?

పరకాల దగ్గర మీ తాతగారి ఇంట్లో పన్నెండు బోరు (గొట్టం సైజు) డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకీ, ఉంది. లైసెన్స్ ఆయన పేరు మీదే ఉంది, ఆయన పోయి ఎనిమిది నెలలైంది. పక్కూరాయన నలభై వేలు చేతిలో పెట్టి తీసుకుపోతానంటున్నాడు, కాగితాలు తర్వాత చూసుకుందామంటున్నాడు. ఇదీ మీరు అడిగింది. ఒక్క రూపాయి కూడా బయానా తీసుకోకండి. ఇప్పటికే తీసుకుని ఉంటే ఈరోజే తిరిగిచ్చేయండి.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే ఇదే పని మా ఇంట్లో జరగబోయి ఆగింది.

మాది నర్సంపేట నుంచి పాకాల చెరువుకు పోయే దారిలో ఊరు. మా బాపుకు (నాన్నకు) నా చిన్నప్పటి నుంచే తుపాకీ ఉండేది. అన్నలు (నక్సలైట్లు) రాత్రిపూట వచ్చి లైసెన్స్ తుపాకులు పట్టుకుపోయే రోజులవి. అందుకని ఆయన దాన్ని ఏళ్లకేళ్లు స్టేషన్లోనే డిపాజిట్ చేసి ఉంచాడు. గొడవలు సద్దుమణిగాక ఇంటికి తెచ్చుకున్నాడు. 2017లో బాపు కాలం చేశాడు. దినాలు చేశాం, పొలం పట్టా మార్పించుకున్నాం, బ్యాంకు ఖాతా మూయించాం. అటక మీదున్న తుపాకీ మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు.

2018 అక్టోబర్, అసెంబ్లీ ఎన్నికల కోడ్ నడుస్తోంది. ఎన్నికలప్పుడు లైసెన్స్ తుపాకులు స్టేషన్లో డిపాజిట్ చేయమంటారు. బతుకమ్మ రోజులు. స్టేషన్ నుంచి ఫోన్, "మీ బాపు తుపాకీ ఇంకా డిపాజిట్ చేయలేదేంది?" అని. ఆయన పోయి ఏడాది దాటిందని చెప్తే అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "మరి ఏడాది నుంచి ఎవరి లైసెన్స్ మీద పెట్టుకున్నారు?" అన్నారు. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

పొలంలాగా తుపాకీ లైసెన్స్ వారసులకు దానంతటదే రాదు. మనిషి పోయాక ఆ ఇంట్లో ఉన్నది లైసెన్స్ లేని తుపాకీ కిందే లెక్క. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 21 ప్రకారం దాన్ని ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. లైసెన్స్ లేకుండా ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు. మా విషయంలో ఎస్సై లిఖితపూర్వకంగా సంజాయిషీ తీసుకుని వదిలేశాడు. మీకూ అలాగే జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను, అందుకే రేపే వెళ్లండి.

ఫోన్ వచ్చిన సాయంత్రం మా తమ్ముడు ఇంకో దారి చెప్పాడు. మక్కలు అమ్మేటప్పుడు మార్కెట్లో పరిచయమైన ఒకాయన అంతకుముందే యాభై వేలకు అడిగాడట. "ఇచ్చేద్దాం, తుపాకీ పోయిందని స్టేషన్లో చెప్దాం" అన్నాడు. ఆయన్ని లైసెన్స్ బుక్ చూపించమని నేనే ఫోన్ చేసి అడిగితే "ఉంది, ఇంట్ల ఉంది" అన్నాడే తప్ప ఫొటో కూడా పంపలేదు. తుపాకీ మీద నంబరుంటుంది, ఆ నంబరు బాపు పేరు మీద రికార్డులో ఉంటుంది. రేపు అది ఎక్కడ పేలినా పోలీసులు ముందు వచ్చేది మా గడపకే. ఇది చెప్తే తమ్ముడికి కోపం వచ్చింది గానీ, తుపాకీ దించడానికి అటక ఎక్కాడు.

అక్కడ జరిగింది కొంచెం వివరంగానే చెప్తాను. వాడు బాపు పాత ధోవతిలో చుట్టి ఉన్న తుపాకీని, గొట్టం నా వైపే ఉండేలా కిందికి అందించాడు. "లోడ్ లేదు కదరా?" అంటే నవ్వాడు, "ఆయన పోయి ఏడాదాయె, ఇంకెక్కడి లోడ్?" అని. నిచ్చెన పక్కనే నా కొడుకు హోంవర్క్ రాసుకుంటున్నాడు. తుపాకీ తెరిచే లివర్ బిగుసుకుపోయి ఉంది, బలంగా తోస్తే గొట్టాలు వంగి తెరుచుకున్నాయి. కుడి గొట్టం ఖాళీ. ఎడమ దాంట్లో గుండ్రంగా ఇత్తడి అడుగు, చిలుము పట్టి పచ్చగా. చెమ్మకు కాగితం తూటా ఉబ్బి గొట్టానికి అతుక్కుపోయింది. గోటితో లాగితే కదల్లేదు. అంతసేపూ ఆ గొట్టం నా కడుపుకు ఎదురుగానే ఉందని అప్పుడు అర్థమైంది. తెరిచిన తుపాకీని తెరిచినట్టే మట్టిగోడ వైపు తిప్పి మంచం మీద పెట్టి, పిల్లల్ని బయటికి పంపి స్టేషన్‌కు ఫోన్ చేశాం. తుపాకులు తెలిసిన ఒక కానిస్టేబుల్ వచ్చి ఆ తూటాను తీశాడు. బాపు చాలా జాగ్రత్తపరుడు, ప్రతి పండక్కీ నూనె పెట్టి తుడిచేవాడు. ఆయన కూడా ఒకటి మర్చిపోయాడు.

కాబట్టి మీరు దాన్ని దించి పరీక్షించే పని పెట్టుకోకండి. ఉన్నచోటే ఉంచి, ఆ గదికి తాళం వేసి, "లోడ్ అయి ఉందో లేదో తెలియదు, లైసెన్స్‌దారు చనిపోయాడు, డిపాజిట్ చేయాలి" అని స్టేషన్‌కు చెప్పండి. మీకు లైసెన్స్ లేదు కాబట్టి బండి మీద మీరే మోసుకుపోవడం కూడా సరికాదు, ఎలా తేవాలో వాళ్లనే అడగండి. మిగిలిన తూటాలు కూడా లెక్కపెట్టి ఇచ్చేయాలి. మాకు బిస్కెట్ డబ్బాలో పదకొండు దొరికాయి. రసీదు మీద తుపాకీ నంబర్, కంపెనీ, బోరు, తూటాల సంఖ్య అన్నీ రాయించుకోండి. డిపాజిట్ చేసి మర్చిపోయినా కుదరదు. గడువులోపు తీసుకోకపోయినా, అమ్ముకోకపోయినా ప్రభుత్వం జప్తు చేసుకుంటుంది.

తర్వాత మీ ముందు రెండు దారులు. వారసుల్లో ఒకరు లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టుకోవడం ఒకటి. 2016 ఆయుధ నిబంధనల్లో దీనికి వీలుంది. మిగతా వారసుల అంగీకారం, మెడికల్ సర్టిఫికెట్, ఇంట్లో తాళం వేసి భద్రంగా పెడతామనే హామీ, పోలీసు విచారణ అన్నీ ఉంటాయి. మా తమ్ముడికి అదే కావాలి, మక్క చేన్లో పందుల బెడద కోసం. నేను ఒప్పుకోలేదు. అధికారిక అనుమతి లేకుండా అడవిపందిని కాల్చడం నేరం, లైసెన్స్ తుపాకీ అయినా సరే. పైగా మా ఊరు పాకాల అభయారణ్యం పక్కనే. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు కొత్త లైసెన్స్ ఇవ్వాలంటే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి కావాలి. మూడో కారణం, వాడు తాగుతాడు. ఇది దరఖాస్తులో రాసేది కాదు, నా మటుకు నాకు అదే మొదటిది.

రెండో దారి అమ్మకం. వ్యక్తి నుంచి వ్యక్తికి అమ్మడం చట్టంలో ఉంది, కానీ కొనేవాడికి లైసెన్స్ ఉండి తీరాలి. ఎవరికి అమ్ముతున్నారో వాళ్ల పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ స్టేషన్ అధికారికి గానీ రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ రోజు నుంచి 45 రోజులు గడవాలి. అప్పటిదాకా చేతులు మారకూడదు. మాకు దొరికింది హన్మకొండలో బ్యాంకు గార్డుగా చేస్తున్న మాజీ సైనికుడు. మేం అడగకముందే ఆయన లైసెన్స్ బుక్ తీసి టేబుల్ మీద పెట్టాడు. అది జిరాక్స్ కాదు, అసలుది. పన్నెండు బోరుకు అనుమతి ఉందా, రెన్యువల్ గడువు ఉందా, పేరు మీద ఇప్పటికే ఎన్ని ఉన్నాయి (2019 నుంచి రెండుకు మించకూడదు), ఇవన్నీ చూసి, లైసెన్స్ ఇచ్చిన ఆఫీసులోనూ అడిగి నిర్ధారించుకున్నాం.

మొత్తం ఏడు నెలలు పట్టింది. ఒక ఆఫీసులో మా ఫైల్ కనపడకుండా పోతే మళ్లీ అన్నీ సమర్పించాం, ఆ టెన్షన్ వేరు. చివరికి ఇరవై రెండు వేలకు అమ్మాం, డబ్బు ఖాతాలోకే తీసుకున్నాం. తుపాకీ స్టేషన్ నుంచి నేరుగా ఆయన చేతికే వెళ్లింది, ఆయన బుక్‌లో నంబర్ ఎక్కాక. ఆ పేజీ ఫొటో, అమ్మకం కాగితాలు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. యాభై వేలు పోగొట్టానని తమ్ముడు ఇంకా అంటూనే ఉంటాడు.

ఇంకొకటి. మీ తాతగారి లైసెన్స్ బుక్ చెదలు పట్టిందని రాశారు. ఆయన పాత ట్రంకు పెట్టె వెతకండి. ఎన్నికలప్పుడు డిపాజిట్ చేసిన రసీదులు ఎక్కడో ఉండే ఉంటాయి. మా బాపు 1994 నుంచి అన్నీ దారానికి గుచ్చి పెట్టాడు, తుపాకీ నంబర్ మాకు దొరికింది వాటిలోనే. దొరక్కపోతే స్టేషన్ రికార్డులో చూస్తారు, నంబర్ కోసమని తుపాకీని మాత్రం విప్పకండి.