ఢిల్లీలో ఆరుగురం, ఒక పప్పు, ఒక కూర

పిల్లలతో, పెద్దవాళ్లతో ఢిల్లీ వెళ్తున్నాం, మరీ ఖర్చు కాకుండా ఎక్కడ తినాలి అని అడిగారు. ఈ ప్రశ్న ఎవరు అడిగినా మనవాళ్లు ఆంధ్రా భవన్ అని ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోతారు. భవన్ భోజనం మంచిదే, కాదనను. కానీ మీరు ఎర్రకోట చూసి బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండవుతుంది, చిన్నవాడు ఆకలని ఏడుస్తుంటాడు. అక్కణ్ణుంచి భవన్ ఉన్న అశోకా రోడ్డు దాకా ఎవరు వెళ్తారు? అక్కడ మిగిలేది ఆటోవాడికే పోతుంది.

నన్నడిగితే బిల్లు తేలేది హోటల్‌ని బట్టి కాదు, మనం చెప్పే ఆర్డర్‌ని బట్టి. మనకు హోటల్లో కూర్చోగానే మనిషికో మీల్స్ చెప్పడం అలవాటు. ఢిల్లీలో కూడా అదే లెక్కన మనిషికో కూర చెప్పేస్తాం. అక్కడ ఒక గిన్నె కూర ముగ్గురికి వస్తుంది. ధాబాల్లో చాలాచోట్ల హాఫ్ ప్లేటు కూడా ఉంటుంది, అడిగితే ఇస్తారు. మేం కరోల్ బాగ్‌లో దిగినప్పుడు రాత్రిళ్లు ఆరుగురికీ కలిపి ఒక పప్పు, ఒక కూర, రెండు ప్లేట్ల అన్నం, పెరుగు చెప్పేవాళ్లం. పప్పంటే దాల్ మఖనీ కాదు, అది వెన్నతో బరువుగా ఉంటుంది, మా అమ్మలాంటి వాళ్లకు అరగదు. పసుపుపచ్చగా ఉండే దాల్ తడ్కా చెప్పండి, దాదాపు మన ఇంటి పప్పే. రొట్టెల్లో బటర్ నాన్ జోలికి పోకుండా తవా రోటీ అడగండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి ఎలాగూ ఊరికే పెడతారు. పిల్లలు మాత్రం ఎక్కడికెళ్లినా పనీర్ బటర్ మసాలా అనే అంటారు. ఒకపూట ఇప్పించి ఊరుకోబెట్టాలి, తప్పదు.

ఢిల్లీలో అన్నం దొరకదని మనవాళ్లలో ఒక భయం ఉంది. ఎవరు పుట్టించారో గానీ ఉత్త అబద్ధం. ఆఫీసులు ఎక్కువగా ఉండే వీధుల్లో మధ్యాహ్నం పూట బండ్ల మీద రాజ్మా చావల్, కఢీ చావల్, ఛోలే చావల్ అమ్ముతారు, చావల్ అంటే అన్నమే. అక్కడి ఉద్యోగుల భోజనమే అది. మేం తిన్నచోట ప్లేటు వంద లోపే పడింది. కఢీ మన మజ్జిగ పులుసుకు దగ్గరగా ఉంటుంది, అందులో పకోడీలు వేస్తారు. మా పెద్దది అది తప్ప ఇంకోటి ముట్టలేదు. ఉద్యోగులు గుంపుగా నిలబడి తింటున్న బండి చూసుకోండి చాలు, ఫోన్‌లో రేటింగులు వెతుకుతూ కూర్చోనక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. యూట్యూబ్‌లో చూసి పరాఠే వాలీ గలీకి పెద్దవాళ్లను లాక్కెళ్లేవాళ్లున్నారు. చాందినీ చౌక్ జనంలో అరగంట తోసుకుంటూ వెళ్తే, అక్కడ పరాఠాలను మూకుట్లో నేతిలో ముంచి పూరీల్లా వేయిస్తారు. రుచికి వంక పెట్టలేం. కానీ మధుమేహం, బీపీ ఉన్న మనిషికి ఎండలో అది తినిపించి, సాయంత్రం మాత్రలు వెతుక్కోవడం ఎందుకు? పిల్లలు, మీరు ఒకటో రెండో చెప్పుకుని పంచుకోండి. పెద్దవాళ్లకు వేరే చూడండి.

ఇక మా బాపు, అదే మా నాన్న సంగతి. బంగ్లా సాహిబ్ గురుద్వారా కన్నాట్ ప్లేస్‌కు దగ్గరే, పటేల్ చౌక్ మెట్రోలో దిగి నడవచ్చు. సిక్కుల ఎనిమిదో గురువు హర్ కృష్ణ 1664లో ఢిల్లీ వచ్చినప్పుడు రాజా జైసింగ్ బంగళాలో ఉన్నారట, ఆ బంగళా ఉన్న చోటే ఈ గురుద్వారా. అక్కడ లంగర్‌లో, అంటే గురుద్వారా వాళ్లు ఉచితంగా భోజనం పెట్టే చోట, ఎవరైనా కూర్చుని తినొచ్చు, కులం మతం అడగరు, డబ్బు తీసుకోరు. దర్శనం చేసుకుని లంగర్ వైపు నడుస్తుంటే బాపు ఆగిపోయాడు. వరంగల్‌లో ముప్పై ఏళ్లకు పైగా సర్కారు కొలువు చేసిన మనిషి. "పైసలున్నోళ్లం, ఊరికె కూర్సొని తినుడేంది? నేను బయట ఉంట, మీరు తినుర్రి" అన్నాడు. నేను నచ్చజెప్పబోతే ఇంకా బిగుసుకున్నాడు. మా అమ్మ మోకాళ్లు పట్టుకుని మెట్ల మీద కూర్చుని, "తిరుమలల వెంగమాంబ సత్రంల రెండుసార్లు సాంబారు పోయించుకున్నవు గద, అప్పుడు లేని సిగ్గు ఈడెందుకు?" అంది. బాపు ఏమీ అనలేదు. గురుద్వారాలోకి వెళ్లడానికని నెత్తికి కట్టుకున్న కాషాయం గుడ్డ సర్దుకుని లోపలికి నడిచాడు.

లోపల పొడుగ్గా పట్టాలు పరిచి ఉంటాయి, వరుసగా కూర్చోవాలి. అరలున్న స్టీలు ప్లేటు ఇస్తారు. ఒకతను బకెట్‌తో పప్పు పోసుకుంటూ పోయాడు, వెనకే కూర, ఆ వెనక రొట్టెల బుట్ట. బాపు ప్లేటు ముందుకు జరిపాడు. రొట్టెలాయన కదలడు. రెండు చేతులూ పట్టమని సైగ చేస్తున్నాడు. బాపుకు అర్థం కాక నా వైపు చూసి, "గిదేంది, ప్లేట్ల వేయడా?" అన్నాడు. అది ప్రసాదం, దోసిలి పట్టాలి అని చెప్పాను. పట్టాడు. ఆ తర్వాత రొట్టె అడిగిన ప్రతిసారీ అందరికంటే ముందు బాపు చేతులే లేచాయి. ఆ రోజు పాయసం కూడా ఉంది, మా చిన్నవాడు తాతది కూడా తినేశాడు.

బయటికొచ్చాక బాపు నన్ను పక్కకు పిలిచి, నిన్న రాత్రి ధాబాలో ఎంతయిందని అడిగాడు. ఎనిమిది వందల ముప్పై అన్నాను. వెనక్కి వెళ్లి హుండీలో రెండు ఐదొందల నోట్లు వేసొచ్చాడు. అంటే మా కుటుంబం లెక్కలో ఢిల్లీ మొత్తం మీద ఖరీదైన భోజనం ఆ ఉచిత భోజనమే! ఈ మధ్య లంగర్‌ను 'ఫ్రీ ఫుడ్ ట్రిక్' అని రీల్స్ చేస్తున్నవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. తినగలిగినంతే పెట్టించుకోండి, ప్లేట్లో వదిలేయకండి, ఓపికుంటే కాసేపు గిన్నెలు తోమండి.

డబ్బు నిజంగా పోయేది ఎక్కడో చెప్తాను. ఒకటి, నీళ్ల సీసాలు. రెండు, కన్నాట్ ప్లేస్‌లో ఏసీ హోటల్లో కూర్చుని దోసె తినడం. మన ఊళ్లో టిఫిన్ సెంటర్‌లో నలుగురు తినే డబ్బుకు అక్కడ ఒక మసాలా దోసె వస్తుంది. వెయ్యి మైళ్లు వెళ్లి దోసె ఎందుకండీ! మూడు, బిల్లు చివర్లో సర్వీస్ చార్జి అని పెట్టే గీత. ఒక హోటల్లో మాకు పది శాతం వేశారు. అది బలవంతంగా వేయకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ అథారిటీ 2022 జులైలోనే చెప్పింది. హోటళ్లవాళ్లు కోర్టుకెక్కారు, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అథారిటీ వైపే తీర్పిచ్చింది. తీసేయమని గట్టిగా అడిగితే మేనేజర్ మొహం మాడ్చుకుని తీసేశాడు. మా ఆవిడేమో అందరూ చూస్తున్నారని నా చెయ్యి గిల్లుతోంది. చూడనీ. జీఎస్టీ వేరు, అది కట్టాల్సిందే.

పెద్దవాళ్లకు ఇంటి తిండి మీద బెంగ పుట్టకుండా మా అమ్మ ఒక సీసా కందిపొడి, చిన్న డబ్బాలో మామిడికాయ తొక్కు తెచ్చింది. ధాబాలో ఉత్త అన్నం, పెరుగు తెప్పించుకుని తొక్కు నంజుకునేది. ఎవరూ ఏమీ అనలేదు. పెరుగు, మజ్జిగ మదర్ డెయిరీ బూత్‌లో కొనుక్కోండి, కాలనీల్లో ఎక్కడ చూసినా ఉంటాయి, హోటల్ ధరలో సగం కూడా పడదు.

ఇంత చెప్పాక కూడా మీరు ఆంధ్రా భవన్‌కు వెళ్తారని నాకు తెలుసు. మేమూ వెళ్లాం. ఇండియా గేట్ చూసే రోజున పెట్టుకోండి, దగ్గర. కౌంటర్‌లో టోకెన్ తీసుకోవాలి. అన్నం, పప్పు, కూరలు ఎంతైనా వడ్డిస్తారు, మాంసం కావాలంటే దానికి వేరే డబ్బు. ఆదివారం మాత్రం వద్దు, బిర్యానీ కోసం ఢిల్లీ అంతా అక్కడే ఉంటుంది. మామూలు రోజుల్లో కూడా పన్నెండున్నర లోపే లోపల కూర్చునేలా చూసుకోండి.