హాస్టల్ ఎటువైపు ఉంది బాబూ?

సంక్రాంతికి పర్లాకిమిడి వచ్చిన ప్రతిసారీ మా అరుగు చిన్న వీసా ఆఫీసైపోతుంది. గుణుపూర్, కాశీనగర్, రాయగడ నుంచి పిల్లలు వస్తారు, ఊరగాయ ఎన్ని కేజీలు తీసుకెళ్లొచ్చు అక్కా, న్యూజెర్సీలో గది అద్దె ఎంత అక్కా అని. ఈసారి ఒక కుర్రాడు అందరూ లేచేదాకా కూర్చున్నాడు. మూడు వారాల్లో ఫ్లైట్. చిన్నప్పుడు తనని చదివించిన హాస్టల్లో పాస్టర్ గారు తన మీద చేసిన లైంగిక దాడి గురించి, తల వంచుకుని, నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆ తర్వాత అడిగాడు: "అమెరికా వెళ్లాక అక్కడ కేసు వెయ్యొచ్చా అక్కా? అక్కడ చర్చిలు కోట్లు కడుతున్నాయంట కదా."

వాడి అనుమతితోనే రాస్తున్నాను, ఆనవాళ్లు మార్చి. ఇలాంటి ప్రశ్న మనసులో పెట్టుకుని విమానం ఎక్కేవాళ్లు ఇంకా ఉంటారు. ఇది ఒక్క మతం గొడవ కూడా కాదు. ఫాదరైనా, పాస్టరైనా, ఆశ్రమంలో స్వామీజీ అయినా, మదరసాలో మౌల్వీ అయినా చట్టం ఒకటే.

వాడు విన్నది నిజమే. లాస్ ఏంజెలెస్ క్యాథలిక్ ఆర్చ్‌డయోసిస్, అంటే ఆ ప్రాంతం చర్చిలన్నిటినీ నడిపే సంస్థ, చిన్నప్పుడు ఇలాగే బలైన 1,353 మందికి 2024లో 88 కోట్ల డాలర్లు ఇస్తానని ఒప్పుకుంది. కానీ అవి అక్కడ జరిగినవాటికి. నువ్వు ఇప్పుడు ఎక్కడున్నావన్నది కాదు, పని ఎక్కడ జరిగిందన్నదే ముందు చూస్తారు. మన దగ్గరి హాస్టల్లో జరిగినదానికి న్యూజెర్సీ కోర్టు తలుపు తెరుచుకుంటుందని ఆశ పెట్టుకోవద్దు. ఆ హాస్టల్‌ని నడిపించిన సంస్థ అమెరికాలోనే ఉంటే మాత్రం అక్కడి లాయర్‌ని ఒకసారి అడగడంలో తప్పులేదు.

అందుకే వాణ్ణి హాస్టల్ ఎటువైపు అని అడిగాను. మహేంద్రతనయ నదికి ఇటు ఒడిశాలో ఇల్లు, అటు ఆంధ్రాలో బడి, మనలాంటివాళ్ల బతుకంతా ఇంతే కదా. ఇక్కడి పోలీసులు అది ఆంధ్రా కేసంటారు, అక్కడివాళ్లు నీది ఒడిశా అంటారు. ఇప్పుడు ఆ మాట చెల్లదు. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జులై నుంచి వచ్చిన కొత్త చట్టంలో స్పష్టంగా ఉంది, దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఏ స్టేషన్‌లో ఇచ్చినా రాసుకుని, సంబంధిత స్టేషన్‌కి వాళ్లే పంపాలి. ఆన్‌లైన్‌లో కూడా ఇవ్వొచ్చు, కానీ మూడు రోజుల్లో వచ్చి సంతకం పెట్టాలి, న్యూజెర్సీలో కూర్చుని అది కష్టం. అందుకే ఫ్లైట్‌కి ముందే వెళ్లమన్నాను. ఇంకోటి, ఇటువైపు స్టేషన్‌లో ఒడియాలో రాస్తారు. మనలో తెలుగు మీడియం పిల్లలకి ఒడియా చదవడం రాదు. ఫిర్యాదుని చదివి వినిపించడం, కాపీ ఉచితంగా ఇవ్వడం వాళ్ల పని, అడిగి మరీ చదివించుకోండి. అర్థం కానిదాని కింద సంతకం పెట్టకండి.

ఇన్నేళ్లయింది కదా, ఇంకా వింటారా అని వాడి దిగులు. వాడి సంగతి 2014 నాటిది. పిల్లల మీద జరిగే లైంగిక నేరాల కోసం పెట్టిన పోక్సో చట్టం 2012 నవంబర్ 14 నుంచి అమల్లో ఉంది, పిల్లలప్పుడు జరిగింది పెద్దయ్యాక చెప్పడానికి గడువు లేదని 2018లో కేంద్రం కూడా చెప్పింది. మతసంస్థలో, బడిలో పనిచేసేవాడే చేస్తే దాన్ని మరింత తీవ్రమైన నేరంగా చూస్తారు. తన కింద పనిచేసేవాడు చేశాడని తెలిసీ సంస్థ పెద్ద దాచిపెడితే ఆ పెద్దకి కూడా ఏడాది దాకా జైలు.

2012 నవంబర్‌కి ముందు జరిగినవాటికి పోక్సో వర్తించదు గానీ పాత ఐపీసీ ఉంది. మూడేళ్లకి మించి శిక్ష పడే నేరాలకి కాలపరిమితి లేదు. ఈ ముక్క మా చిన్నాన్న కొడుక్కి ఎవరూ చెప్పలేదు. వాడు హాస్టల్ నుంచి నౌపడా రైలెక్కి పారిపోయి వస్తే, చదువంటే భయమని కొట్టి మళ్లీ అదే రైల్లో పంపారు. నేను స్టేషన్ దాకా వెళ్లి బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి వచ్చాను. ఇరవై ఏళ్ల తర్వాత టెక్సాస్ నుంచి ఒక రాత్రి ఫోన్ చేసి చెప్పాడు, ఎందుకు పారిపోయి వచ్చాడో.

కేసు పెట్టి వెళ్లిపోతే ఎలా అంటారా? కోర్టు ఒప్పుకుంటే వీడియోలో సాక్ష్యం చెప్పొచ్చు. నాన్నకి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి నీ బదులు చెప్పించడం మాత్రం కుదరదు. బాధితుల పేరు బయటపెడితే అదే ఒక నేరం. ఆడవాళ్లకి, పిల్లలకి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవల సంస్థ లాయర్‌ని ఇస్తుంది. 15100కి ఫోన్ చేస్తే చాలు.

ఇక అక్కడికి వెళ్లాక జరిగితే. ఈ భాగం కొత్తగా వెళ్లే అమ్మాయిలు, పిల్లలున్న జంటలు జాగ్రత్తగా చదవండి. తెలుగువాళ్ల ప్రార్థన కూటాలు, భజనలు చాలావరకు ఇళ్లల్లోనే నడుస్తాయి, ఎయిర్‌పోర్టుకి వచ్చి మనల్ని దింపేది, మొదటి పచారీ సామాన్లు తెచ్చిపెట్టేది వాళ్లే, అందుకే కాదనడం కష్టం, అవతలివాడికీ ఆ సంగతి తెలుసు. వీసా పోతుందని భయపెడితే నమ్మొద్దు. నేరానికి బలైనవాళ్లు పోలీసులకి సహకరిస్తే యూ వీసా అని ఒకటుంది, చేతిలో వీసా లేనివాళ్లకి కూడా. ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు, క్యూ చాలా పొడుగు, కానీ దారంటూ ఉంది.

అమెరికాలో డబ్బు కోసం వేసే సివిల్ దావాకి గడువు ప్రతి రాష్ట్రంలో వేరు. న్యూజెర్సీలో చిన్నప్పుడు జరిగినదానికి 55 ఏళ్లొచ్చేదాకా, లేదా దాని వల్లే ఈ నష్టమని తెలిసిన ఏడేళ్ల లోపు. మేరీలాండ్ 2023 అక్టోబర్ నుంచి గడువే తీసేసింది. పాత కేసులకి న్యూయార్క్ తెరిచిన ప్రత్యేక అవకాశం 2021 ఆగస్టులో మూసేశారు. డయోసిస్ దివాలా పిటిషన్ వేస్తే, పరిహారం అడగడానికి ఆ కోర్టు పెట్టే ఆఖరి తేదీ ఇంకా దగ్గరగా ఉంటుంది, అది దాటితే ఇక అంతే. అందుకే మనసు కుదుటపడ్డాక చూద్దాంలే అనుకోకుండా ముందు లాయర్‌ని కలిసి తేదీ కనుక్కోండి, దావా వెయ్యాలా వద్దా అన్నది తర్వాత.

ఆ లాయర్ మన సొంత లాయరై ఉండాలి. చర్చి తరఫున ఎవరో మంచిగా మాట్లాడి కాగితం మీద సంతకం అడుగుతారు, పెట్టకండి. బాధితులు కోరితే తప్ప నోరు మూయించే ఒప్పందాలు చేసుకోకూడదని 2002లో అమెరికా బిషప్‌లే రాసుకున్నారు. అక్కడి లాయర్లు గెలిస్తేనే వాటా తీసుకుంటారు, చాలావరకు మూడో వంతు. మన దేశంలో ఆ పద్ధతి నిషేధం కాబట్టి వింతగా ఉంటుంది, శాతం మాత్రం రాతలో పెట్టించుకోండి. పేరు బయటికి రాకుండా జాన్ డో, జేన్ డో అని దావా వేసే వీలుంది. వాట్సాప్ మెసేజ్‌లు చెరపకండి. కోపంలో వాడి ఫొటో మన ఊరి గ్రూపులో పెట్టకండి, పరువునష్టం దావా మీ మీదకొస్తుంది.

తప్పు చేసి ఇండియా పారిపోతే ఏం చేస్తాం అని కూడా అడిగాడు. మిన్నెసోటాలో పనిచేసిన తమిళనాడు ఫాదర్ ఒకరిని ఇక్కడ పట్టుకుని 2014లో అమెరికాకి అప్పగించారు. 2015లో నేరం ఒప్పుకున్నాడు. శిక్ష పూర్తయ్యాక ఊటీ డయోసిస్ మళ్లీ పరిచర్యలోకి తీసుకుంది, అది వేరే కథ, తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆగి, నాన్నకి చెప్పాలా అన్నాడు. చెప్పనక్కర్లేదు, నీకు పద్దెనిమిది దాటాయి, ఫిర్యాదు నీ పేరు మీదే ఉంటుంది అన్నాను. ఒక్కడివే మాత్రం వెళ్లకు, ఇరవయ్యో తారీఖు దాకా నేను ఇక్కడే ఉంటాను.