లివరు ఫ్రీలోకి వచ్చాకే నాబ్ మీద చెయ్యి వెయ్యండి
గాలం కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్తే అండి, మాది గుంటూరు బ్రాడీపేట. సెకండ్ హ్యాండ్‌లో ఒక లివర్ డ్రాగ్ రీలు కొన్నాను, అదే, లైను చుట్టే స్పూలుని పట్టి ఆపే డ్రాగ్‌ని పక్కనున్న లివరుతో పెంచి తగ్గించే రకం, 50 పౌండ్ల నైలాన్ లైను ఎక్కించి తెలిసినవాళ్ల బోటులో నిజాంపట్నం నుంచి వేటకి వెళ్లాను. డ్రాగ్ చేత్తో లాగి చూసుకున్నా, గట్టిగానే ఉందిలే అనిపించింది. ఏదో పెద్ద చేప పడింది, అదేంటో కంటితో చూడనేలేదు, స్పూల్లో సగం పైనే లైను లాక్కెళ్లి ఠప్పున తెంపుకుపోయింది. లివరు స్ట్రైక్ దగ్గరే, అంటే చేపతో పోరాడే గుర్తు దగ్గరే ఉంది, నేను ముట్టుకోలేదు. డ్రాగ్ లూజైందేమోనని ఇంటికొచ్చాక పక్కనున్న నాబ్‌ని ఇంకా బిగించాను, ఇప్పుడేమో లివరు ఫ్రీలో, అంటే డ్రాగ్ పూర్తిగా వదిలేసే చోట పెట్టినా స్పూలు తిరగట్లేదు. రీలు పోయినట్టేనా?

జవాబు: పోలేదండి, కంగారు పడకండి. మీరు బిగించిన ఆ నాబ్‌ని ప్రీసెట్ అంటారు, లివరు ఎక్కడుంటే డ్రాగ్ ఎంతుండాలో ముందే పెట్టేది, అది ఎక్కువ బిగిసిపోయింది అంతే. లివరుని వెనక్కి ఫ్రీలోకి పూర్తిగా లాగి, నాబ్‌ని నెమ్మదిగా వెనక్కి తిప్పండి, బొటనవేలితో స్పూల్ని ఒక్క తోపు తోస్తే కొన్ని సెకన్లపాటు దానంతటది తిరుగుతూ ఉండాలి. అప్పటికీ తిరగకపోతే బేరింగు సంగతి చూడాలి గానీ, మీరు చెప్పినదాన్ని బట్టి అంతదాకా పోదు.

అసలు మీ లైను డ్రాగ్ లూజవడం వల్ల తెగి ఉండదు, బిగుసుకుపోవడం వల్లే తెగి ఉండాలి. మీరు ముట్టుకోకుండానే ఎలా బిగుసుకుందంటారా, అదే చెప్తాను. ఈ రీల్లో డ్రాగ్ అంటే లారీ క్లచ్ ప్లేటు లాంటిదే, ఒక వాషరు, దాని మీద ఒక స్టీలు ప్లేటు, లివరు ముందుకి తోస్తే లోపలున్న క్యామ్ ఆ రెంటినీ దగ్గరికి నొక్కుతుంది. నొక్కుడు ఎంతుంటే రాపిడి అంత. లివరు కదలకపోతే రాపిడి మారదు. కానీ లైను బయటికి పోయేకొద్దీ స్పూలు మీద చుట్ట సన్నబడుతుంది కదా, పొడుగు పానాతో నట్టు తేలిగ్గా వస్తుంది, పొట్టి పానాతో చెయ్యి నొప్పెడుతుంది, ఇక్కడా అంతే, చుట్ట సన్నబడితే చేపకి పానా పొట్టిదైనట్టు, అదే రాపిడిని తిప్పడానికి ఇంకా గట్టిగా లాగాలి, ఆ లాగుడంతా పడేది లైను మీదే.

లెక్క చూడండి. నిండు స్పూలు వ్యాసం 8 సెంటీమీటర్లు, లోపలి బోదె 4 అనుకుందాం. నిండుగా ఉన్నప్పుడు 7 కిలోలకి డ్రాగ్ పెడితే, సగం లైను పోయేసరికి వ్యాసం 6.3 దగ్గరుంటుంది, డ్రాగ్ దాదాపు 9 కిలోలైపోతుంది. బోదె దాకా వచ్చేస్తే 14. దీనికి తోడు వంగిన రాడ్డు గైడ్ల (లైను దూరే రింగుల) మీద రాపిడి, నీళ్లలో అంత పొడుగు లైనుని ఈడ్చుకెళ్లే బరువు, లైను కంటే ఎప్పుడూ బలహీనంగా ఉండే ముడి. 50 పౌండ్లంటే 22.7 కిలోలే కదండి. చేత్తో లాగి గట్టిగా ఉందనుకున్నారు చూడండి, చెయ్యి చెప్పే లెక్క నేను ఎప్పుడూ నమ్మను, 5 కిలోలకీ 10 కిలోలకీ తేడా అరచేతికి తెలీదు, ఉత్త చేత్తో నైలాన్ని లాగితే కోసుకుపోవడం తప్ప.

ఆ తెగిన కొస ఇంకా స్పూలు మీదుంటే ఒకసారి తీసి చూడండి, కత్తిరించి పారెయ్యకముందే. బ్లేడుతో కోసినట్టు శుభ్రంగా ఉంటే అది వంజరం పళ్ల పని కావచ్చు, అప్పుడు తప్పు డ్రాగ్‌ది కాదు, వైరు లీడరు, అంటే గాలానికి ముందు తీగ ముక్క, కట్టకపోవడం. కొస పందితోకలా రింగులు తిరిగి ఉంటే ముడి జారింది. సాగి సన్నబడి తెగితే మాత్రం నేను పైన చెప్పిందే.

ఇక సెట్ చేయడం. ఇది పడవలో చేసే పని కాదు, ఇంటి దగ్గర డాబా మీద తీరిగ్గా చెయ్యాలి. ఒక కాటా కావాలి, పాత పేపర్లు కొనేవాళ్ల దగ్గరుండే కొక్కెం కాటా అయినా సరే, సూట్‌కేసులు తూచే డిజిటల్‌దైనా సరే. లైను నిండుగా చుట్టి, రాడ్డుకి బిగించి, గైడ్లన్నిట్లోంచి లైను తీసి కాటా కొక్కానికి కట్టండి. ఇంకో మనిషి ఉంటే మంచిది, ఒకరు రాడ్డుని చేపతో పోరాడేటప్పుడు ఎంత వంచి పట్టుకుంటారో అంతే వంచి పట్టుకోవాలి, ఇంకొకరు కాటా పట్టుకుని వెనక్కి నడవాలి, గుంజకుండా ఒకే నడకన. రీలు నుంచి నేరుగా లాగి తూచేవాళ్లూ ఉన్నారు గానీ అప్పుడు గైడ్ల రాపిడి లెక్కలోకి రాదు, చేప మాత్రం గైడ్లలోంచే లాగుతుంది, అందుకే నేను రాడ్డుతోనే తూచమంటాను.

నైలాన్ లైనుకి స్ట్రైక్ దగ్గర ఎంతుండాలంటే, దాని బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు. మీ 50 పౌండ్లకి 5.7 నుంచి 7.5 కిలోలు. మొదటిసారి కాబట్టి 5.7 తోనే మొదలుపెట్టండి, ఆరు కిలోలు రాడ్డు చివర్నించి లాగుతుంటే ఊగే పడవలో నిలబడ్డ మీ నడుముకి అది తక్కువేం కాదు. లివరు ఫ్రీలో పెట్టి నాబ్ కొంచెం తిప్పండి, లివరు స్ట్రైక్‌కి తెచ్చి లాగి చూడండి, చాలకపోతే మళ్లీ లివరు ఫ్రీకి, మళ్లీ నాబ్ కొంచెం, మళ్లీ స్ట్రైక్. ప్రతిసారీ ఫ్రీకి వెనక్కి రావాల్సిందే, బద్ధకించి లివరు ముందుకి ఉండగానే నాబ్ తిప్పితే లోపల క్యామూ మరలూ ఆ నొక్కుడు మీదే ఒరుసుకుంటాయి, అరిగిపోతాయి. చేప లైను మీదున్నప్పుడు నాబ్ జోలికి అసలు పోవద్దు, అప్పుడు మీ చేతిలో ఉన్నది లివరు ఒక్కటే.

స్ట్రైక్ కుదిరాక అక్కడితో ఆపకండి. లివరు సగం దూరంలో ఎంత, స్ట్రైక్‌లో ఎంత, బటన్ నొక్కి ఫుల్‌కి తోస్తే ఎంత, మూడూ తూచి ఒక తెల్ల టేపు మీద రాసి రీలు పక్కన అంటించండి. ఈసారి చేప సగం లైను లాక్కెళ్లిపోతే ముందుకి తొయ్యాలనిపిస్తుంది, అందరికీ అలాగే అనిపిస్తుంది, చెయ్యాల్సింది మాత్రం లివరు కొంచెం వెనక్కి తియ్యడం. లైను తిరిగి స్పూలు మీదకి వచ్చేకొద్దీ మళ్లీ ముందుకి. ఆఖర్న లివరు ఫ్రీకి తెచ్చి స్పూలు తిప్పి చూడండి, తిరగకపోతే మీరు అడిగినంత డ్రాగ్ ఇచ్చే శక్తి ఆ రీలుకి లేదని అర్థం, అప్పుడు నాబ్ తగ్గించుకోవాలి గానీ ఫ్రీని పోగొట్టుకోకూడదు.

ప్రశ్న: విజయవాడ పటమట నుంచి రాస్తున్నాను. నా రీల్లో డ్రాగ్ సాఫీగా జారట్లేదు, పట్టి వదిలి పట్టి వదిలి పోతోంది, రాడ్డు చివర తలూపుతున్నట్టు ఆడుతోంది. ఒకాయన రెండు చుక్కలు కొబ్బరినూనె వెయ్యమన్నారు.

జవాబు: దయచేసి వెయ్యకండి. కొబ్బరినూనే కాదు, కుట్టుమిషను నూనె, బండి చాసిస్ గ్రీజు, ఏదీ వద్దు. పట్టి వదలడమనేది ఎక్కువగా వాషరు మీద ఉప్పో పాత గ్రీజు ముద్దో పేరుకుంటేనో, ప్లేటు మీద తుప్పు చుక్కలు వస్తేనో జరుగుతుంది. కాటాతోనే తేల్చుకోవచ్చు, కదలడం మొదలయ్యేటప్పుడు ముల్లు ఎక్కడికి పోయింది, కదులుతుండగా ఎక్కడ నిలబడింది చూడండి, మొదటిది బాగా ఎక్కువుంటే వాషరు అంటుకుపోతోంది. విప్పి, ప్లేటుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టండి. వాషరు కార్బన్‌దై ఉండి, కంపెనీ గ్రీజు వాడమని చెప్పిన రీలైతే డ్రాగ్ గ్రీజు అని విడిగా అమ్ముతారు, అది పలచగా రాసి మిగిలింది తుడిచెయ్యాలి. పొడిగానే పనిచేసేలా చేసిన రీళ్లు కూడా ఉన్నాయి, వాటికి గ్రీజు తగిలితే పట్టు పోతుంది, కాబట్టి రీలుతో వచ్చిన పుస్తకం ఒకసారి చదవండి. నూనె పీల్చేసిన వాషరుని బాగుచెయ్యాలని తంటాలు పడకుండా కొత్తది వేసుకోవడమే మేలు.

ఉప్పునీళ్ల నుంచి రాగానే కడుగుతారు కదా, అక్కడా చాలామంది పైపు ఫోర్సుగా పెట్టి కొడతారు, ఆ ఫోర్సుకి ఉప్పు బయటికి రాదు, లోపలికి పోతుంది. లివరు ముందుకి తోసి డ్రాగ్ బిగించి పెట్టి, మంచినీళ్లు పైపైన సన్నగా పొయ్యండి, గుడ్డతో తుడవండి, తర్వాత లివరు ఫ్రీకి లాగి నీడన ఆరనివ్వండి. ఫ్రీలోనే దాచాలి. నెలల తరబడి స్ట్రైక్‌లో ఉంచేస్తే వాషరు నొక్కుకుపోయి అలాగే ఉండిపోతుంది, మళ్లీ తీసినరోజు మీరు చెప్పిన రోగమే వస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో వేట నిషేధం, ఇంజను బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, రీలు విప్పి చూసుకోడానికి ఆ రోజుల్ని మించినవి లేవు.

ప్రశ్న: ఆటోనగర్‌లో లేత్ పని చేస్తాను. రీలు నేనే విప్పాను, గిన్నెల్లా వంపు తిరిగిన నాలుగు స్ప్రింగు వాషర్లు బయటపడ్డాయి, ఏది ఎటు తిరిగి ఉందో గుర్తులేదు.

జవాబు: వాటిని బెల్‌విల్ వాషర్లంటారు, మీ పనిలో మీరు చూసే ఉంటారు. ఎటు తిరిగి ఉన్నాయన్నదే ఇక్కడ ప్రాణం. గిన్నెలో గిన్నె పెట్టినట్టు ఒకే వైపుకి పేరిస్తే స్ప్రింగు గట్టిపడుతుంది, లివరు కొంచెం కదిపితేనే డ్రాగ్ ఒక్కసారి ఎగబాకుతుంది. రెండు గిన్నెల మూతులు కలిపినట్టు ఎదురెదురుగా పెడితే మెత్తబడుతుంది, లివరు దూరమంతా డ్రాగ్ నిదానంగా పెరుగుతుంది, చేతికి అదుపుంటుంది. మీ రీలు మోడలుకి కంపెనీ ఇచ్చిన విడిభాగాల బొమ్మ దొరికితే దాని ప్రకారమే పెట్టండి. దొరక్కపోతే నాలుగు రకాలుగా పెట్టి ప్రతిసారీ కాటాతో తూచి, ఫ్రీ పోకుండా లివరు నిదానంగా ఎక్కే పేర్పు ఏదో పట్టుకోండి, కాలిపర్ పట్టే చెయ్యి మీది, మీకది ఒక సాయంత్రం పని. ఇకమీదట విప్పేటప్పుడు ఒక్కో ముక్కకీ ఫోన్‌తో ఫోటో తీసుకోండి.

ప్రశ్న: మాది తాడేపల్లి. కృష్ణలో బొచ్చె, శీలావతి పట్టుకోడానికి లివర్ డ్రాగ్ కొనమంటారా?

జవాబు: వద్దండి. అది బరువైన సముద్రపు సరుకు, ఒడ్డు నుంచి చిన్న ఎర విసరడానికి చేతికి రాదు. మామూలు స్పిన్నింగ్ రీలు, 12 నుంచి 15 పౌండ్ల లైను చాలు, డ్రాగ్ మాత్రం దాన్నీ కాటాతోనే పెట్టుకోండి, 12 పౌండ్లకి కిలోన్నర లోపు. మిగిలిన డబ్బులు మంచి గాలాలకి పెట్టండి. బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజున దిగువన ఇసుకలోకి మాత్రం దిగకండి, నీళ్లు చూస్తుండగానే పెరిగిపోతాయి.