రొయ్యల గ్రూపుల్లో అడిగితే జవాబు ఎందుకు రాదు, మరి ఎక్కడ అడగాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. ఆకివీడు దగ్గర వెనామి రొయ్యల చెరువు, సీడ్ (రొయ్య పిల్లలు) వేసి యాభై రోజులు దాటింది, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో తెల్లటి పోగుల్లాంటి మలం కనిపిస్తోంది, మేత తినడం తగ్గింది. ఫొటో తీసి నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. ఒక దాంట్లో ఉలుకూ పలుకూ లేదు, ఒక దాంట్లో ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు, ఇంకో దాంట్లో ఎవరో నంబర్ పెట్టి విడిగా ఫోన్ చేయమన్నారు, నాలుగో దాంట్లో మర్నాడు సాయంత్రం ఒకాయన ‘ఏమైంది బ్రో’ అని అడిగి ఊరుకున్నారు. ఈ గ్రూపుల వల్ల ఉపయోగం ఉందా, త్వరగా నమ్మకమైన మాట చెప్పేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు అన్నది మీ బాధ.

ముందు చెరువు సంగతి. వైట్ ఫీకల్, అంటే ఈ తెల్ల మలం కనిపించిందంటే అది ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి వల్ల కావచ్చు, విబ్రియో బాక్టీరియా వల్ల కావచ్చు, రెండూ కలిసి ఉండొచ్చు, కళ్ళతో చూసి తేల్చే పని కాదు. మేత తగ్గించండి, ట్రేలో మిగులుతున్న మేతను బట్టి ఇంకా తగ్గించండి. బతికున్న రొయ్యల్ని ఆక్సిజన్ కవర్లో, చెరువు నీళ్ళు వేరే సీసాలో పట్టుకుని ఈ రోజే ల్యాబ్‌కి వెళ్ళి పీసీఆర్ పరీక్షా, విబ్రియో పరీక్షా రెండూ చేయించండి. చచ్చిన రొయ్యని తీసుకెళ్తే లాభం లేదు, కుళ్ళడం మొదలయ్యాక అందులో పెరిగే బాక్టీరియా వేరు. రిపోర్టు రాకముందు ఎవరు ఏ ప్యాకెట్ చెప్పినా వేయకండి.

ఇక గ్రూపుల విషయం. మేం కాళ్ళ మండలంలో ఉప్పుటేరు నీళ్ళ మీద చెరువులు చేస్తున్నాం, మా బావా నేనూ కలిసి. మీరు పడుతున్న విసుగు మేం ఏళ్ళుగా పడుతూనే ఉన్నాం. ఒకప్పుడు నా ఫోన్లో రొయ్యల గ్రూపులు ఎన్ని ఉండేవో చెప్పలేను. పొద్దున్నే గుడ్ మార్నింగ్ బొమ్మలు, తర్వాత కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్నది) రేట్లు, తర్వాత మందుల షాపుల ప్రకటనలు, వీటన్నిటి మధ్యలో పాపం ఎవరో ఒక రైతు ‘అర్జెంట్, రొయ్య ఒడ్డుకి వచ్చేస్తోంది, ఏం వేయాలి’ అని పెడతాడు. అది పది నిమిషాల్లో పైకి వెళ్ళిపోతుంది, మళ్ళీ ఎవరికీ కనపడదు. ఒక్కో గ్రూపులో 1024 మంది దాకా చేర్చుకోవచ్చు కదా, అంతమంది ఉన్నా అతనికి ఒక్కరూ పలకరు. అతను ఎంత టెన్షన్ పడుతూ ఫోన్ చూసుకుంటూ ఉంటాడో చెరువు చేసినవాళ్ళకే తెలుస్తుంది. ఒక పంట మీద మేత అప్పు, సీడ్ అప్పు, లీజు, కరెంటు బిల్లు అన్నీ ఉంటాయి.

ఎందుకు పలకరు అంటే, నాకు అర్థమైనంతవరకు చెబుతాను. నిజంగా తెలిసినవాళ్ళు ఆ టైంలో గట్టు మీద ఉంటారు. మేత కంపెనీ టెక్నీషియన్ అయితే ఊళ్ళు తిరుగుతూ ఉంటాడు. వాళ్ళకి తీరిక దొరికి చూసినా, అడిగిన ప్రశ్నలో నీటి వివరాలు ఏమీ ఉండవు. డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) ఎంతో చెప్పరు, పీహెచ్ చెప్పరు, సెలినిటీ (ఉప్పదనం) చెప్పరు, ఎకరానికి ఎంత సీడ్ వేశారో చెప్పరు, ఒక మసక ఫొటో ఉంటుంది. తెలిసినవాడు దాన్ని చూసి మాట్లాడడు, ఎందుకంటే తను చెప్పింది వేసి చెరువు పోతే పదిమందిలో మాట పడాల్సింది తనే. అందుకని వెంటనే వచ్చే జవాబు చాలాసార్లు షాపులో సరుకున్నవాళ్ళ నుంచే వస్తుంది. వాళ్ళందరూ చెడ్డవాళ్ళని నేను అనను, మంచి సలహా చెప్పిన షాపువాళ్ళని చూశాను. కానీ జవాబు త్వరగా వచ్చింది కదా అని నమ్మడం మాత్రం ప్రమాదం.

ఎంత ప్రమాదమో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఒక పెద్ద గ్రూపులో ఒకాయన అమోనియా ఎక్కువ వచ్చిందని పెట్టారు. వెంటనే ఒకరు ‘సున్నం చల్లండి’ అన్నారు, వెనకాలే నలుగురు బొటనవేలు గుర్తులు పెట్టారు. సున్నం వేస్తే పీహెచ్ పెరుగుతుంది. నీళ్ళలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి రొయ్యకి పెద్దగా హాని చేయనిది, ఒకటి విషం. పీహెచ్ పెరిగేకొద్దీ మొదటిది రెండోదిగా మారుతుంది, ఒక్క పాయింటు పెరిగినా విషం వాటా ఎన్నో రెట్లు అవుతుంది. పైగా ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం చెరువులో పీహెచ్ తనంతట తనే ఎక్కువగా ఉంటుంది. ఆ సమయంలో సున్నం చల్లితే ఏమవుతుందో ఊహించండి. అదే గ్రూపులో ఇంకొకరు జియోలైట్ అనే అమోనియాని పట్టే ఖనిజపు పొడి వేయమన్నారు. అది మంచినీళ్ళలో పట్టినంతగా ఉప్పునీళ్ళలో అమోనియాని పట్టదు, అక్కడ సోడియం అడ్డొస్తుంది. చివరికి మేత తగ్గించి, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పి, కొంత నీరు మార్చమని చెప్పిన మనిషి ఒకే ఒక్కడు, ఆయన చెప్పింది రాత్రి తొమ్మిది దాటాక. అప్పటికి ఆ రైతు సున్నం చల్లేశాడో లేదో ఎవరికీ తెలియదు.

అసలు నాకు కోపం వచ్చేది ఇక్కడేనండి. ఆలస్యం సంగతి వదిలేయండి, చెరువుకి ఏమైంది అన్నది ఎవరూ రాయరు. నేను ఒకసారి పాత మెసేజీలన్నీ వెనక్కి తోసుకుంటూ వైట్ గట్ (రొయ్య పేగు తెల్లబడటం) గురించి అడిగినవి వెతికాను. ప్రశ్నలు బోలెడు ఉన్నాయి, ‘ఇది వేయండి, అది వేయండి’ అన్నవి అంతకన్నా ఎక్కువ ఉన్నాయి. ‘వేశాను, తగ్గింది’ అనో ‘వేశాను, చెరువు పోయింది, పట్టేశాను’ అనో చెప్పినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇలా అయితే మనకి తెలిసేదేముంది? పదేళ్ళ నుంచి అందరం అదే ప్రశ్న అడుగుతున్నాం, అందరికీ అవే మందుల పేర్లు వస్తున్నాయి, ఏది పనిచేసిందో రాసినవాళ్ళు లేక కొత్తగా చెరువు పట్టిన కుర్రాడు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతున్నాడు.

రాయకపోవడానికి కారణం ఉంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. చెరువులో జబ్బుందని బయటికి పొక్కితే కొనేవాడు రేటు దించేస్తాడు. రొయ్యల పట్టుబడికి మనుషుల్ని పంపడానికి సాకులు చెబుతాడు. మేత అప్పిచ్చిన డీలర్ మర్నాడే గుమ్మంలో ఉంటాడు. ఇంకోటి, మన నీళ్ళు వదిలేది పక్కవాళ్ళు తోడుకునే కాలవలోకే, కాబట్టి వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చిందంటే ఊరంతా మన మీద పడుతుంది. 1990ల మధ్యలో టైగర్ రొయ్యకి వైట్ స్పాట్ వచ్చి మన కోస్తా అంతా చెరువులు ఖాళీ అయిన సంగతి మా పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. 2009లో వెనామికి అనుమతి వచ్చాకే మళ్ళీ ఊపిరి పీల్చుకున్నారు. ఆ భయం ఇళ్ళల్లో ఉండిపోయింది. అందుకే జబ్బు వస్తే జనం నోరు మూసుకుంటారు. కానీ నోరు మూసుకున్నంత మాత్రాన కాలవలో వైరస్ ఆగదు కదా. పై చెరువు వాళ్ళు బ్లీచింగ్ చేయకుండా నీళ్ళు వదిలేస్తే, ఆ సంగతి ముందుగా తెలిసుంటే కింద చెరువు వాళ్ళు ఆ రెండు మూడు రోజులు నీళ్ళు తోడుకోకుండా ఉండేవాళ్ళు.

అదే పుకారు అయితే ఎంత వేగంగా పోతుందో చూడండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు గ్రూపులు రాత్రీ పగలూ మోగాయి. రేపటి నుంచి కొనరట, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు మూసేస్తారట అంటూ ఎవరో ఎక్కడో అన్న మాట నిమిషాల్లో భీమవరం నుంచి అమలాపురం దాకా తిరిగింది. ఇంకొన్నాళ్ళు ఉంచితే మంచి కౌంట్ వచ్చే చెరువుల్ని తొందరపడి పట్టేసినవాళ్ళు మా చుట్టుపక్కలే ఉన్నారు. సుంకం వార్త నిజమే, దాని మీద అల్లిన మాటలే వాళ్ళని ముంచాయి.

మేం ఏం చేశామంటే, పెద్ద గ్రూపుల నుంచి ఒక్కొక్కటీ బయటికి వచ్చేసి, మా బోదె మీద నీళ్ళు తోడుకునే రైతులం మాత్రమే కలిసి చిన్నది పెట్టుకున్నాం. అందరం ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకునేవాళ్ళమే. మందులు అమ్మేవాళ్ళకి చోటు లేదు, రేట్లు పెట్టకూడదు, గ్రూపులో మాట బయటికి పోకూడదు. అడిగేవాళ్ళు సీడ్ వయసు, ఎకరానికి వేసిన సీడ్, తెల్లవారుజామున డీఓ, ఉదయం సాయంత్రం పీహెచ్, సెలినిటీ, మేత ఎంత వేస్తే ఎంత మిగిలింది, గత వారంలో ఏం వేశారు, ఇవి రాసి తీరాలి. మొదట్లో గొణుక్కున్నారు, ఇదంతా ఎవరు రాస్తారని. కానీ ఆ వివరాలు రాస్తుంటేనే సగం సార్లు కారణం వాళ్ళకే దొరికేది. సాయంత్రం పీహెచ్ ఉదయం కన్నా బాగా ఎక్కువ ఉందంటే నాచు ముదిరిందని తెలిసిపోతుంది, ఇంక అడగాల్సింది వేరే ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం, అడిగినవాళ్ళు వారం తర్వాత ఏమైందో రాయాలి. మా దాంట్లో రిటైరైన మాస్టారు ఒకాయన ఉన్నారు, చిన్న చెరువు ఉంది ఆయనకి. ఆయన పొడుగు నోట్‌బుక్కులో ఇవన్నీ ఎత్తి రాస్తారు, ఎడమ పేజీలో సమస్యా నీటి కొలతలూ, కుడి పేజీలో ఏం చేశారూ ఏమైందీ. వారం గడిచినా రాయనివాళ్ళ ఇంటికి ఆయనే సైకిలేసుకుని వెళ్ళి అడిగి రాసుకొస్తారు. చెరువు పోయినవాళ్ళ దగ్గరికి కూడా వెళ్తారు, ఓ గంట కూర్చుని వాళ్ళు చెప్పుకున్నదంతా విని వస్తారు. ఆ పుస్తకం మాకు ఏ కన్సల్టెంట్ కన్నా ఎక్కువ పనికొచ్చింది, మా నీళ్ళకి, మా మట్టికి ఏది పట్టిందో ఏది పట్టలేదో అందులో ఉంది.

తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోవడం లాంటివి మాత్రం ఏ గ్రూపుకీ వదిలేయకండి. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి సూర్యోదయానికి ముందే డీఓ అట్టడుగుకి చేరుతుంది, అల్పపీడనం పట్టి రెండు రోజులు మబ్బుగా ఉంటే మరీ. టార్చి వేస్తే ఒడ్డు వారగా రొయ్య కళ్ళు ఎర్రగా మెరుస్తూ వరసగా కనిపించాయంటే మెసేజ్ టైప్ చేసే టైం కాదది. ఏరియేటర్లన్నీ తిప్పాలి, కరెంటు లేకపోతే జనరేటర్ వేయాలి, మనది మొరాయిస్తే పక్క చెరువు కాపలా మనిషిని కేక వేసి లేపాలి. పక్క గట్టు మనిషితో మంచిగా ఉండటం ఆ పూట పంటని కాపాడుతుంది.

మామూలు సందేహాలకి అడగడానికి నమ్మకమైన చోట్లు మనకి దగ్గర్లోనే ఉన్నాయి, జనం వెళ్ళరు అంతే. మీకు ఉండి దగ్గరే కదా, అక్కడ కృషి విజ్ఞాన కేంద్రం, మత్స్య పరిశోధన కేంద్రం రెండూ ఉన్నాయి. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది, కేంద్ర మత్స్య విద్యా సంస్థ వాళ్ళ కేంద్రం కూడా ఉంది. కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551కి ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు పడవు. గ్రామ సచివాలయంలో మత్స్య సహాయకుడు ఉంటే ఆయన్ని ఒకసారి చెరువు దగ్గరికి రమ్మనండి. ఎక్కడికి వెళ్ళినా పైన చెప్పిన కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి, మీకు దొరికే జవాబు పూర్తిగా మారిపోతుంది.

ఒక జాగ్రత్త. ఆ నంబర్ పెట్టి విడిగా ఫోన్ చేయమన్న మనిషి, లేబుల్ లేని ప్యాకెట్ ఏదైనా అంటగడితే ఒప్పుకోకండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి యాంటీబయాటిక్స్ రొయ్యల సాగులో నిషేధం. యూరప్ వెళ్ళే సరుకుకి పట్టుబడికి ముందే పరీక్ష ఉంటుంది, అవశేషాలు దొరికితే మీ సరుకు పోవడం ఒకటి, కంటైనర్ వెనక్కి వస్తే దెబ్బ జిల్లా అంతటికీ తగులుతుంది. పైగా ఈహెచ్‌పీ బాక్టీరియా కాదు, యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయదు.

ల్యాబ్ రిపోర్టు వచ్చాక అందులో ఏముందో, ఏం చేశారో, చెరువు ఎలా ఉందో ఇక్కడే కింద రాయండి. ఊరు పేరు అక్కర్లేదు, సెలినిటీ, సీడ్ వయసు రాస్తే చాలు. మీ కాలవ మీద ఇద్దరు ముగ్గురు కలిసొస్తారనుకుంటే మా మాస్టారి పుస్తకంలో ఒక ఖాళీ పేజీ ఫొటో తీసి పెడతాను, ఏ గడిలో ఏం రాయాలో దాని మీదే ఉంటుంది.